దాచుకున్న గింజ కూడా అమానతే

హుద్‌హుద్, తిత్లీ, గులాబ్. మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాటలివి. హుద్‌హుద్ దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వృత్తాంతంలో వచ్చే పక్షి. తిత్లీ అంటే సీతాకోకచిలుక. గులాబ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంత అందమైన పేర్లు వింటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఇప్పుడు గుండె దడ పుడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లాను కూడా కుదిపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా ఒడ్డుకు చేరింది. వీటన్నిటికీ ముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటినా, శ్రీకాకుళం తీర గ్రామాలను వదిలిపెట్టలేదు.

గాలి ఒక రాత్రిలో తగ్గిపోతుంది. అసలు పరీక్ష ఆ మరునాటి నుంచి మొదలవుతుంది. రోడ్ల మీద చెట్లు పడి ఉంటాయి. కరెంటు రోజుల తరబడి రాదు. మోటారు తిరగదు కాబట్టి కుళాయిలో నీళ్లుండవు. దుకాణాలు మూతపడతాయి. సహాయం ఊరిదాకా చేరేలోపు ఇంట్లో ఏముంటే అదే అన్నం. ఆ రోజుల కోసం కాస్త దాచుకోవడం గురించీ, దాచింది చెడిపోకుండా చూసుకోవడం గురించీ మన ధర్మం ఏం చెబుతోందో ఈ జుమా నాడు ఆలోచిద్దాం.

ఉపాధి ప్రదాత అల్లాహ్ అయినప్పుడు రేపటి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా అని కొందరు అడుగుతారు. మరికొందరు తుఫాను హెచ్చరిక వినగానే బస్తాల కొద్దీ కొని, ఆరు నెలల తర్వాత పురుగు పట్టిన సరుకును పెంట మీద పోస్తారు. ఈ రెండు పోకడలూ సరైనవి కావు.

యూసుఫ్ ప్రవక్త గిడ్డంగి

ఈజిప్టు రాజుకు వచ్చిన కలకు హజ్రత్ యూసుఫ్ (అ) అర్థం చెప్పిన సంగతి మనకు తెలిసిందే. ఏడేళ్లు పంటలు బాగా పండుతాయి, ఆ తర్వాత ఏడేళ్లు కరువు వస్తుంది. ఆయన కల భావం చెప్పి ఊరుకోలేదు, ఉపాయం కూడా చెప్పారు. కోసిన పంటలో తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగతాదాన్ని కంకులతోనే ఉంచమన్నారు.

ఈ సలహాలో ఎంత వివేకముందో మన రైతులకు వేరే చెప్పాలా? పైపొట్టు గింజకు అల్లాహ్ తొడిగిన కవచం. అందుకే మన పెద్దలు బియ్యం దాచేవారు కాదు, ధాన్యం దాచేవారు. గాదెల్లో పోసినా, గడ్డితాళ్లతో చుట్టిన పురిలో పోసినా, పొట్టుతో ఉన్న గింజనే దాచి, కావలసినప్పుడు కావలసినంత దంచుకునేవారు. బాగా పాలిష్ పట్టిన బియ్యాన్ని బస్తాలో పెట్టి ఏడాది మర్చిపోతే ముక్కుపురుగు మర్చిపోదు.

ఆ తర్వాత యూసుఫ్ (అ) దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని రాజును కోరారు. తన అర్హతలుగా రెండే చెప్పుకున్నారు. తాను కాపాడేవాణ్ణి (హఫీజ్), తెలిసినవాణ్ణి (అలీమ్) అని. కాపాడాలనే మనసు ఉండి, ఏది ఎప్పుడు చెడుతుందో తెలియకపోతే గిడ్డంగి పురుగుల పాలవుతుంది. తెలివి ఉండి కాపాడే మనసు లేకపోతే అది దొంగ నిల్వ అవుతుంది. ఇంటి వంటగదికి కూడా ఈ రెండు గుణాలూ కావాలి.

ఆ గిడ్డంగి ఎవరి కోసం తెరుచుకుందో కూడా గుర్తుంచుకోవాలి. తనను బావిలో పడేసిన అన్నలు ఆకలితో వస్తే వారికి కూడా ఆయన కొలిచి ఇచ్చారు.

ప్రవక్త (స) ఇంట ఏడాది గ్రాసం

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తన కుటుంబం కోసం ఒక ఏడాదికి సరిపడే ఆహారాన్ని కేటాయించేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. కాబట్టి ఇంటివారి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

అదే ఇంటి గురించి మాత హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట మరొకటుంది. నెలల తరబడి పొయ్యి వెలగని రోజులున్నాయనీ, ఖర్జూరాలు, నీళ్లతోనే గడిచేదనీ ఆమె చెప్పారు. ఏడాది గ్రాసం దాచిన ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగలేదు? హదీసు వ్యాఖ్యాతలు దీనికి ఇచ్చిన వివరణ మనసుకు హత్తుకుంటుంది. దాచడమైతే దాచేవారు, కానీ ఏడాది తిరక్కముందే అవసరంలో ఉన్నవారి కోసం ఆ నిల్వ ఖర్చయిపోయేది.

ధర పెరిగేదాకా సరుకు బిగబట్టే ఇహ్తికార్ వేరు. అలా చేసేవాడు పాపి అని దైవప్రవక్త (స) హెచ్చరించినట్టు ముస్లిం గ్రంథంలో ఉంది. తుఫాను మరునాడు పాలు, కొవ్వొత్తులు, తాగునీరు రెండింతల ధరకు అమ్మేవాడికీ, ఇంట్లో పిల్లల కోసం ఒక బస్తా దాచుకున్న తల్లికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

ఎంత దాచాలి? ఎప్పుడు దాచాలి?

నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 400 గ్రాముల లెక్కన పదిహేను రోజులకు 24 కిలోల బియ్యం చాలు. అంటే 25 కిలోల బస్తా ఒక్కటి. పప్పు మూడు కిలోలు, నూనె లీటరున్నర, ఉప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరప. పొయ్యి వెలిగించే వీలు లేనప్పుడు తినడానికి అటుకులు, మరమరాలు, ఖర్జూరాలు. తుఫాను కబురు వచ్చిన వెంటనే తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు 48 లీటర్ల నీళ్లు శుభ్రమైన బిందెల్లో, డబ్బాల్లో పట్టి మూతలు పెట్టుకోవాలి. ఇంతకు మించి సామాన్య కుటుంబం అప్పు చేసి దాచనక్కర్లేదు.

మన ప్రాంతంలో ఉత్తరాంధ్ర రుచి ఎరిగినవారు చోళ్లను మర్చిపోరాదు. బాగా ఎండిన చోళ్లకు పురుగు తొందరగా పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తాయి. అయితే గింజగానే దాచాలి. పిండి పట్టిస్తే ఒకటి రెండు నెలల్లోనే చెడుతుంది. గోధుమపిండికీ, రవ్వకూ ఇదే సూత్రం.

చాలామంది ఇళ్లలో ఏడాది సరుకులు రంజాన్‌ను బట్టి కొంటారు. రంజాన్ ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. తుఫాను కాలం మాత్రం జరగదు. పైన చెప్పిన నాలుగు తుఫానులూ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్యలోపే వచ్చాయి. అందుకే సెప్టెంబరు మొదట్లోనే నిల్వ సిద్ధం చేసుకోవాలి. కొత్త పంట ఇంటికొచ్చే డిసెంబరు నుంచి సంక్రాంతి లోపల ఆ పాత నిల్వను తిని ముగించాలి.

చెడకుండా కాపాడే తీరు

మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసింది పైకి కనబడేలా ఎందుకు పెట్టలేదని ఆయన మందలించి, మోసం చేసేవాడు తన వాడు కాదన్నారు. ఆ హదీసు నిజాయితీ గురించి చెబుతుంది. గృహిణులకు అందులో మరో పాఠమూ ఉంది. చేయి లోపలికి పెట్టి చూడందే నిల్వ సంగతి తెలియదు. పదిహేను రోజులకొకసారి బస్తా మధ్యలో చేయి పెట్టి చూడండి. వేడిగా, చెమ్మగా తగిలితే ఆ గింజ చెడుతున్నట్టే.

గింజను పంటి కింద పెడితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి. ఎండబెట్టిన పప్పులు వేడి మీద డబ్బాలో పోయకూడదు. పూర్తిగా చల్లారాక పోయాలి. లేకపోతే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. బస్తాలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు ఆనకుండా పెట్టాలి. నాగావళి, వంశధార పొంగితే నీళ్లొచ్చే ఇళ్లలో అటక మీదే పెట్టాలి. కందులు, పెసలకు కిలోకు ఒక చెంచా చొప్పున ఆముదం పట్టిస్తే పుచ్చుపురుగు దరిచేరదు. ఎండిన వేపాకు, వావిలాకు, ఎండుమిరప వేయడం పెద్దల అలవాటే.

బోరిక్ పౌడరు మాత్రం బియ్యంలో కలపకండి. అది తినే పదార్థం కాదు. గోదాముల్లో వాడే విషపు బిళ్లలను ఇళ్లలో అసలే పెట్టరాదు. వాటి నుంచి వచ్చే వాయువు నిద్రలో ప్రాణాలు తీస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వరుస. కొత్త బస్తా వెనక్కి, పాత బస్తా ముందుకు. కొన్న తేదీ సుద్దముక్కతో బస్తా మీద రాయండి. రోజువారీ వంటకు పాతదే తీయండి, తీసినంత మళ్లీ కొని వెనక చేర్చండి. అలా చేసే ఇంట్లో నిల్వ ఎప్పుడూ తాజాగానే ఉంటుంది.

ముక్కుపురుగు కొద్దిగా పట్టినంత మాత్రాన బియ్యం పారబోయనక్కర్లేదు. నీడలో ఆరబోసి, చేటతో చెరిగి, కడిగి వండుకోవచ్చు. వానకు తడిసి బూజు పట్టిన గింజ సంగతి వేరు. కడిగినా, వండినా అందులోని విషం పూర్తిగా పోదు. దాన్ని మంచి బియ్యంలో కలిపితే ఉన్నదీ పాడవుతుంది.

రాత్రిపూట గిన్నెల మీద మూతలు పెట్టమనీ, నీటి తిత్తుల మూతులు కట్టమనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. కింద పడిన ముద్దను దుమ్ము దులిపి తినమనీ, షైతానుకు వదిలిపెట్టవద్దనీ చెప్పారు. రాత్రి మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి నీళ్లు పోసి ఉదయం చద్దన్నంగా తినే మన పల్లె అలవాటు ఈ బోధనకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఖుర్బానీ మాంసం చెప్పే పాఠం

2014లో మన దేశంలో బక్రీదు అక్టోబరు 6న వచ్చింది. సరిగ్గా ఆరు రోజులకు హుద్‌హుద్ వచ్చింది. కరెంటు పోయాక ఫ్రిజ్ వట్టి ఇనుప పెట్టె. తలుపు తెరవకపోయినా కింది అరల్లోని పదార్థాలు నాలుగు గంటలకు మించి భద్రం కావు. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజరైనా రెండు రోజులే కాపాడుతుంది, సగమే నిండి ఉంటే ఒక్క రోజు. మాంసం, పాలు, కూరలు ఎన్ని దాచినా తుఫాను రోజుల్లో అవి నిల్వ కిందికి రావు.

ఒక ఏడాది మదీనాకు ఆకలితో ఎడారి ప్రజలు వచ్చారు. ఆ ఏడాది ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దనీ, మిగతాది పంచేయమనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. మరుసటి ఏడాది ఆ ఇబ్బంది లేదు. అప్పుడు తినండి, పెట్టండి, దాచుకోండి అని అనుమతించారు. నిల్వకు హద్దు ఎక్కడుందో ఈ ఒక్క సంఘటన చెబుతోంది. పక్కింట్లో పొయ్యి వెలుగుతున్నంతవరకు దాచుకోవచ్చు. పక్కింటి పొయ్యి ఆరిన రోజు మన గాదె తలుపు తెరవాలి. ఆ పక్కిల్లు ఏ మతానిదైనా సరే, పొరుగువాడి హక్కు పొరుగువాడిదే.

చెడినది దానం కాదు

మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బియ్యం పుచ్చిపోయాక, నూనె వాసన వచ్చాక, పారేయలేక పేదవాళ్లకు ఇచ్చి సదఖా చేశామనుకుంటారు. మీరు స్వయంగా కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వజూడవద్దని అల్‌బఖరా సూరా హెచ్చరిస్తోంది. దానం చేయదలిస్తే సరుకు ఇంకా బాగున్నప్పుడే చేయాలి. నిల్వలో తినలేనంత ఉందని తోచిన రోజే దానానికి సరైన రోజు. డిసెంబరులో నిల్వ మార్చేటప్పుడు రెండు కిలోల మంచి బియ్యం ఒంటరి వృద్ధురాలికి చేరితే వృథా పోయేది ఉండదు, ఆకలి ఉండదు.

అష్అరీ తెగవారికి ఆహారం తక్కువైనప్పుడు ఎవరి దగ్గరున్నది వారు తెచ్చి ఒకే వస్త్రంలో పోసి, ఒకే కొలతతో సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అనే భావంతో దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదు మొదలుకొని సముద్రపు ఒడ్డు పల్లెల్లోని చిన్న మసీదుల దాకా, ప్రతి సెప్టెంబరులో ఒక జుమా నాడు ఈ విషయం గుర్తుచేస్తే ఎంత బాగుంటుంది! మన వీధిలో వితంతువులెవరు, మంచం పట్టినవారెవరు, నిల్వ పెట్టుకోలేనివారెవరో ముందే తెలిసి ఉంటే, గాలి ఆగిన మరునాడు ఎవరి గుమ్మం తట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

ఇంట్లోని ప్రతి గింజా అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఎంత తిన్నామో, ఎంత పంచామో, ఎంత పాడుచేశామో రేపు లెక్క చెప్పాలి. ఈరోజు నమాజు నుంచి ఇంటికి వెళ్లాక ఒకసారి వంటగది అరలో వెనకనున్న డబ్బా తీసి మూత తెరిచి చూడండి. అల్లాహ్ మనందరికీ కాపాడే మనసునూ, కాపాడే తెలివినీ ప్రసాదించుగాక! ఆమీన్.