పండ్రెండు గ్రామముల ఏలుబడి

గూడూరు దరిని అడవిలో భీముని పాదమను జలపాతము గలదు. పాండవవీరుడచట అడుగు మోపెనని జనుల విశ్వాసము. ఆ విశ్వాసమును ప్రశ్నింప నాకు పనిలేదు. గోదావరి కావల, ఉత్తరమున, ఆసిఫాబాదు కొండలలో, పురాణమునకు గాక చరిత్రకు చెందిన భీముడు మరియొకడు తిరిగెను. ఆ గోండు నాయకుని గాథ మన మండలమందలి కోయగూడెములకు పరాయిది గాదు గనుక నేడాతనిని తలచుకొందము.

కొమురం భీము 1901 ప్రాంతమున సంకెపల్లిలో జన్మించెను. తండ్రి పోయిన పిమ్మట సుర్దాపూరు చేరిన ఆ కుటుంబము పండించిన పంటను సిద్దిఖీ అను పట్టాదారు తనదని యడ్డుకొనగా, ఆ ఘర్షణలో ఆతడు భీము చేత హతుడయ్యెను. భీము చాందా వైపునకును, ఆపై అస్సాము తేయాకు తోటలకును పోయి, కూలిగా కొన్నేండ్లు గడపి, అక్షరములు నేర్చి మరలివచ్చెను.

మరలివచ్చువేళకు తాతలనాటి పోడు భూములన్నియు నిజాము అటవీశాఖ గీసిన హద్దులలో చిక్కువడియుండెను. పశువు మేసిన పుల్లరి, వంటచెరకు తెచ్చిన సుంకము. దున్నినవానికి పట్టా లేదు గాని, కచ్చేరి మర్మమెరిగిన షావుకారు అదే చేనిని తన పేర వ్రాయించుకొని, నిన్నటి రైతును నేడు పాలేరుగా నిలుపుచుండెను. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూరు మొదలగు పండ్రెండు గ్రామముల గోండులు, కోలాములు భీము చుట్టు చేరిరి.

విగ్రహములందు భీము తుపాకి పట్టినవాడై కనబడును. నాకు మాత్రము అతడు రాయబారమున పలికిన మాటయే తుపాకి కన్న ఘనమైనదిగా తోచును. భూములకు పట్టాలిత్తుము, అప్పులు మాన్పుదుమని అధికారులు కబురంపగా, అది చాలదు, ఈ పండ్రెండు గ్రామముల ఏలుబడియు మాకే విడువవలెనని ఆతడు బదులు చెప్పినట్లు ప్రతీతి. నిజామునకు స్వయముగా విన్నవింప హైదరాబాదునకు పోయి, దర్శనము దొరకక తిరిగివచ్చెననియు చెప్పుదురు. పట్టా నిచ్చిన చేయి రేపు దానిని లాగికొనగలదనియు, అడవిని గూర్చిన నిర్ణయము ఊరిలోనే జరిగిననాడు గాని భూమి నిలువదనియు, బడిముఖమెరుగని ఆ మనుజుడు గ్రహించినంతగా నాటి విద్యాధికులలో ఎందరు గ్రహించిరో చెప్పజాలను.

1940లో జోడేఘాట్ గుట్టపై సర్కారు బలగములు ఆతనిని, అనుచరులను కాల్చిచంపినవి. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఏటేట గోండులు అచట గూడి వర్ధంతి జరుపుచున్నారు.

తరువాతి కథ విచిత్రమైనది. ఆ సర్కారే హైమండార్ఫ్ అను మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు విచారింప బంపెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. ఆ దశాబ్దముననే లక్షకు పైబడిన ఎకరములు గిరిజనులకు పట్టా అయ్యెను. బ్రతికియుండగా భీము చాలదన్నదానిని, చచ్చిన పిదప, ఆతని వారికి ఇచ్చిరన్నమాట.

ఏలుబడి మాట మిక్కిలి ఆలస్యముగా వచ్చినది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలుగాకుండ 1970 నాటి ఒకటి బై డెబ్బది చట్టము కావలి కాయుచున్నది. గ్రామసభకు అధికారమిచ్చు పీసా చట్టమో 1996లో గాని పుట్టలేదు. పుట్టినను, ఏజెన్సీలో గ్రామసభ తరచు అధికారి తెచ్చిన కాగితముపై వ్రేలిముద్రలు సేకరించు కూటమిగానే జరుగుచున్నది. 2016లో భీము పేర జిల్లా వెలసెను. 2023 జూన్ 30న ఆ జిల్లాకేంద్రమైన ఆసిఫాబాదులోనే పోడు పట్టాల పంపిణీని ముఖ్యమంత్రి ఆరంభించెను. ఆ పట్టాలు వారసులకు సంక్రమించును, అమ్ముటకు వీలులేదు. ఆ పట్టాల నడుమనున్న అడవి ఎవరి మాట వినవలెనన్నది మాత్రము గ్రామసభలు తేల్చుకొనవలసియేయున్నది.