హృద్రోగులగు బిడ్డలును, దంతరక్షణమును

పన్ను పుచ్చిన గుండెకేమి ముప్పు అని సామాన్యముగ మనవారు తలంతురు. పాలపండ్లు ఎట్లును ఊడిపోవునవియే గదా యని తల్లిదండ్రు లుపేక్షించుటయు గలదు. ఆరోగ్యవంతులగు బిడ్డల విషయమున ఈ యుపేక్ష బాధతో ముగియవచ్చును గాని, హృదయలోపముతో జనించిన శిశువు విషయమున నిది ప్రాణములమీదికి దెచ్చును.

నోటియందు సహజముగ నివసించు సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్ జాతివి కొన్ని గలవు. పన్ను ఊడదీసినపుడును, చిగుళ్లకు గాయమైనపుడును ఇవి రక్తమున బ్రవేశించును. లోపములేని గుండెయందు నిలువజాలక స్వల్పకాలములోనే నశించును. కాని గుండెగోడయందు రంధ్రముండుటచేత గాని, కవాటము సన్నగిల్లుటచేత గాని రక్తము సుడులు దిరిగి వడిగా దాకుచోట లోపలిపొర ఒరసికొనిపోవును. అచ్చట నివి స్థావర మేర్పరచుకొని కవాటములను పాడుచేయును. ఆ గడ్డలనుండి విడివడిన తునుకలు మెదడునకు జేరి పక్షవాతమును గలిగింపవచ్చును. వైద్యులు దీనిని ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అందురు. 1885లో విలియం ఆస్లర్ పండితుడు లండను నగరమున నీ వ్యాధినిగూర్చి ప్రసిద్ధోపన్యాసములు గావించెను. పెనిసిలిన్ రాకపూర్వ మీ వ్యాధి సోకినవారు బ్రతికి బయటపడుట మిక్కిలి యరుదు. నేడు మందులున్నను వారములతరబడి సూదిమందులు, ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సయు తప్పవు. కావున రాకుండ జూచుకొనుటయే మేలు.

ఈ యుద్దేశముతోనే అమెరికా హృద్రోగ సంఘమువారు 1955లో, గుండెలోపము గలవారికి దంతచికిత్సకు ముందుగ యాంటీబయోటిక్ మందు నీయవలెనని తొలిసారి సూచించిరి. అర్ధశతాబ్ది కాల మీ యాచారము విస్తరించుచు వచ్చెను. 2007లో వారే దానిని మిక్కిలి కుదించిరి. కారణము స్పష్టము. నమలునపుడును, పండ్లు తోముకొనునపుడును ప్రతిదినమును సూక్ష్మజీవులు రక్తమున బ్రవేశించుచునే యున్నవి. ఏడాదికొకమారు మ్రింగు మందు ఈ నిత్యప్రవేశము నెట్లు నివారింపగలదు? 2008లో ఇంగ్లండునందలి నైస్ సంస్థ యెవ్వరికిని ఈ మందు వలదనెను. 2015లో నచ్చట వ్యాధి పెరిగినదని యొక పరిశీలనము వెలువడెను. మందు మానుటయే దానికి హేతువని రుజువు కాకున్నను, 2016లో ఆ సంస్థ తన వాక్యమున 'సామాన్యముగ' అను మాటను జేర్చి, వైద్యుని వివేచనకు దావిచ్చెను.

అమెరికా సూచనల ననుసరించి ఈ మందు ముఖ్యముగ నే బిడ్డలకు వలయును? కృత్రిమకవాటము గలవారికి, పూర్వమొకమా రీ వ్యాధి సోకినవారికి, శరీరము నీలివర్ణము దాల్చు హృదయలోపము సరిచేయబడనివారికి, కృత్రిమవస్తువు నమర్చి లోపమును పూర్తిగ సరిచేసిన పిదప మొదటి ఆరుమాసముల వరకు, ఆ వస్తువు ప్రక్కనే లోపము మిగిలియున్నచో ఆపైనను, గుండెమార్పిడి జరిగి కవాటము చెడినవారికి. చిగుళ్లను గాని పంటి మూలమును గాని తాకు చికిత్సకు ముప్పది మొదలు అరువది నిమిషములు ముందుగ ఒక్కమోతాదు అమాక్సిసిల్లిన్ ఇత్తురు. బిడ్డ బరువున కిలో ఒక్కింటికి 50 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 2 గ్రాములు. పెనిసిలిన్ సరిపడనివారికి వేరుమందు గలదు. దీనిని నిర్ణయింపవలసినవాడు వైద్యుడే గాని మందులదుకాణదారు కాడు.

ఇచ్చట రెండు పొరపాటులనుగూర్చి హెచ్చరింపవలసియున్నది. కీళ్లవాతజ్వరముచే గుండె చెడిన బిడ్డలకు మూడు నాలుగు వారముల కొకమారు బెంజథిన్ పెనిసిలిన్ సూదిమందు వేయుదురు. అది జ్వరము తిరుగబెట్టకుండుటకు. దంతచికిత్సకు ముందిచ్చు మందు వేరు. ఒకటి కలదని రెండవదానిని విడువరాదు, రెండవది చాలునని మొదటిదానిని మానరాదు. పెనిసిలిన్ నిత్యము పొందుచున్న బిడ్డకు దంతచికిత్సవేళ వేరుజాతి మందు వలసియుండును గనుక, ఆ సంగతి దంతవైద్యునికి మరువక తెలుపవలెను. ఇక రెండవ పొరపాటు మరింత హానికరము. హృద్రోగి యగు బిడ్డకు జ్వరము విడువకున్న, తోచిన యాంటీబయోటిక్ కొనితెచ్చి మ్రింగించుట మనయందు సర్వసామాన్యము. అందువలన జ్వర మించుక తగ్గినట్లుండును. రక్తపరీక్షలో సూక్ష్మజీవి పట్టుబడదు. వ్యాధిమాత్రము లోలోన గుండెను తినివేయుచుండును. కారణము తెలియని జ్వరము వచ్చినపుడు ముందు రక్తమును కల్చరు పరీక్షకు దీయించి, పిదపనే మందు మొదలిడవలెను.

2007లో నారంభమైన ఆరోగ్యశ్రీ పథకమువలన తెలుగునాట పేదబిడ్డలకును గుండె శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది. ఇది మిక్కిలి హర్షణీయము. కాని లక్షలు వ్యయపరచి సరిదిద్దిన గుండెను, పుచ్చిన పన్నొకటి పాడుచేయుట కెడమీయుట ఏమి వివేకము? 2013లో నారంభింపబడిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున బిడ్డల గుండెను, దంతములను గూడ పరీక్షించు నేర్పాటు గలదు. ఈ రెండు పరీక్షల ఫలితములు ఒకదానితో నొకటి కలియవలెను. గుండెలోపము కానవచ్చిన ప్రతి బిడ్డను దంతవైద్యునియొద్దకు బంపుటయు, శస్త్రచికిత్సకు ముందే పండ్లను బాగుచేయుటయు, బిడ్డకు ముందుమందు వలయునో వలదో తెలుగున వ్రాసిన చీటి తల్లిచేతి కిచ్చుటయు నియమము కావలెను. వీనికై క్రొత్త భవనము లక్కరలేదు, వలసినది శ్రద్ధ.

మాత్ర ఏడాదికొకనాడు; పండ్లు తోముట దినమునకు రెండుమారులు. ఈ రెంటిలో బిడ్డగుండెను ఎక్కువగ గాపాడునది రెండవదియే. తీపిపదార్థముల మితము, పండ్ల శుభ్రత, ఆరుమాసముల కొకమారు దంతపరీక్ష—ఇవి తల్లిదండ్రుల చేతిలోని రక్షణలు. వీనిని విడిచి మాత్రనే నమ్ముట, తలుపు తెరచియుంచి తాళముచెవిని భద్రపరచుకొనుటయే యగును.