ఇంటి బీరు, ఊళ్లో కొట్టు

ఇంట్లో బీరు చేసుకుంటానని చెబితే మనవాళ్లు ముందు నవ్వుతారు. "ఏంటి, సారా కాస్తున్నావా?" అంటారు. తర్వాత గొంతు తగ్గించి, "పోలీసులు పట్టుకోరా?" అని అడుగుతారు.

పట్టుకోరు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం, అమెరికాలో సొంత వాడకానికి ఫెడరల్ పన్ను లేకుండా ఇంట్లో బీరు చేసుకోనిచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200. అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. సారా సంగతి పూర్తిగా వేరు, దాని జోలికి పోకండి.

పని మన వంటింటికి మరీ కొత్తదేమీ కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టినట్టే బార్లీతో మాల్టు చేస్తారు. దాన్ని రవ్వలా పగలగొట్టి, 150 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లు వడగట్టి, హాప్స్ వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలపాలి. రెండు వారాలు పులియనిచ్చి, కొలిచిన చక్కెర కలిపి సీసాల్లో పోసి, ఇంకో రెండు వారాలు ఆగాలి. 5 గ్యాలన్లకు దాదాపు 50 సీసాలు వస్తాయి.

నేను అసలు చెప్పాలనుకున్నది సరుకులు కొనే చోటు గురించి. ఒహాయోలో మా ఇంటికి అరగంట దూరంలో ఇలాంటి కొట్లు రెండు ఉండేవి. ఒకటి మూతపడింది. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి, ఒక్కోసారి చవగ్గా కూడా. అయినా మిగిలిన ఆ ఒక్క కొట్టుకే వెళ్తాను.

అక్కడ డబ్బాల్లో రకరకాల మాల్టు ఉంటుంది. రెండు గింజలు నోట్లో వేసుకుని రుచి చూడొచ్చు. కావలసినంత తూకం వేయించుకుని అక్కడే మర పట్టించుకోవచ్చు. పగలగొట్టిన మాల్టు త్వరగా మెత్తబడిపోతుంది కాబట్టి ఇది పెద్ద సౌకర్యం. లిక్విడ్ ఈస్ట్‌లో ప్రాణం ఉంటుంది. ఆగస్టు ఎండలో ట్రక్కులో మూడు రోజులు ప్రయాణం చేసినదానికీ, ఫ్రిజ్‌లోంచి తీసి చేతికిచ్చినదానికీ తేడా ఉంటుంది.

అన్నింటికన్నా విలువైనది ఓనరు అనుభవం. మేం వాడే కుళాయి నీళ్లే ఆయనా వాడతాడు. అందులోని క్లోరిన్ పోవడానికి 10 గ్యాలన్లకు అర క్యాంప్‌డెన్ మాత్ర చాలని చెప్పింది ఆయనే. ఒకసారి నా ముందున్న కుర్రాడు తను చేసిన సీసా తెచ్చాడు. ఆయన వాసన చూసి, "పచ్చి ఆపిల్ వాసన వస్తోంది. ఈస్ట్ పని పూర్తికాకముందే సీసాల్లో పోసేశారు. ఈసారి ఇంకో వారం ఆగండి" అన్నాడు. అలా వాసన చూసి చెప్పే మనిషి ఆన్‌లైన్‌లో దొరకడు.

అన్నీ ఆయన దగ్గరే కొనాలని కాదు. బెల్జియం పద్ధతి గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాలకు మన ఇండియన్ గ్రోసరీయే మేలు; కోలగా ఉండే మన ధనియాల్లో నిమ్మ వాసన ఎక్కువ. బకెట్లు, గొట్టాలు ఎక్కడ కొన్నా ఒకటే. మాల్టు, హాప్స్, ఈస్ట్ మాత్రం కొట్టులో కొనండి. అద్దె కట్టేది ఆ అమ్మకాలతోనే.

మీ దగ్గర్లో ఇలాంటి కొట్టు ఉంటే ఒక శనివారం వెళ్లండి. "మొదటిసారి, 5 గ్యాలన్లు, మరీ చేదు వద్దు" అని చెబితే చాలు, కావలసినవన్నీ తీసిపెడతారు. పిల్లలున్న ఇంట్లో సీసాలు తాళం వేసిన చోట ఉంచండి. మొదటి బ్యాచ్ అయ్యాక ఒక సీసా కొట్టుకు పట్టుకెళ్లండి. అది తాగి ఆయన చెప్పే నాలుగు మాటలతో రెండో బ్యాచ్ బాగుపడుతుంది.