మోకాలు నొస్తే తుంటినెందుకు చూస్తారు?

మోకాలు నొస్తోందని వచ్చిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఆ మోకాలి జోలికి పోకుండా ముందు తుంటిని అటూ ఇటూ తిప్పి చూసే ఫిజియోథెరపిస్టు మీద ఎవరికైనా అనుమానం కలుగుతుంది. "నొప్పి ఈడ కాదు సార్, కింద" అని ఆదోని పెద్దమ్మ సరిదిద్దుతుంది కూడా. ఆయన విని, మళ్ళీ తుంటినే తిప్పుతాడు. తుంటి కీలుకు కొమ్మలు పంపే నరాలే మోకాలికీ కొమ్మలు పంపుతాయి. అందువల్ల చెడింది తుంటి అయినా నొప్పి మోకాలి దగ్గర తెలియవచ్చు. పదేళ్ళు దాటిన పిల్లల్లో తొడ ఎముక తల పక్కకు జారే జబ్బు ఒకటుంది. ఆ పిల్లల్లో కొందరు తుంటి ఊసే ఎత్తరు, మోకాలు చూపిస్తారు. మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి, అంతా బాగుందని ఇంటికి పంపేస్తే ఈలోగా తుంటి పాడవుతుంది. నడుములో నరం నొక్కుకున్నా ఇదే తంతు. నొప్పి తొడ ముందు భాగం మీదుగా మోకాలిదాకా దిగుతుంది. మోకాలి పరీక్ష నడుము దగ్గర మొదలై పాదం దాకా పోవాలనేది అందుకే.

ఆ పరీక్ష కన్నా ముందు అడగాల్సింది చేసే పని గురించి. కర్నూలు జిల్లా పడమటి వైపు ఇది మరీ అవసరం. ఆదోని పత్తి ఊరు. నల్లరేగడి పల్లెల నుంచి మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లులకు చేరేలోపు ఎన్నిసార్లు ఎత్తి దించాలో, అన్నిసార్లూ ఆ బరువు హమాలీల వీపుల మీదా మోకాళ్ళ మీదా పడుతుంది. అక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న నేత ఊరు. రెండు ఊళ్ళ చుట్టూ వానను నమ్ముకున్న పల్లెలు. పంట చేతికి రాని ఏడు కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీయడానికి సుగ్గి పోతాయి. మూట మోసే మోకాలు, చేనులో గొంతుక్కూర్చునే మోకాలు, మగ్గం గుంతలో వేలాడే మోకాలు ఒకే తీరున చెడవు.

నేర్పున్న థెరపిస్టు "యాడ నొస్తాంది?" అన్న ప్రశ్నను తొందరగా దాటేసి "ఎప్పుడు నొస్తాంది?" దగ్గర ఆగుతాడు. పొద్దున లేవగానే బిగుసుకుపోయి, నాలుగు అడుగులు వేశాక పది పదిహేను నిమిషాల్లో సడలితే అది వయసుతో వచ్చే కీలు అరుగుదల దారి. బిగుతు గంట దాటి, వేళ్ళ కీళ్ళు కూడా వాచి ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. పక్క మీంచి దిగి వేసిన మొదటి అడుగుకే మడమలో మేకు దిగినట్టుంటే అది అరికాలి కింది పట్టీ నొప్పి. ఆ వైపు తిరిగి పడుకుంటే తుంటి పక్కన నొస్తే పిర్ర కండరం ఎముకకు అతుక్కునే చోట బాధ. మోకాలు ఉన్నట్టుండి పట్టేసి, చాచలేక ఆగిపోతే లోపలి మృదులాస్థి బిళ్ళ చిరిగి ఉండవచ్చు.

ఇంతలో రోగి సంచీలోంచి ఎక్స్‌రే బయటికి వస్తుంది. "గుజ్జు అరిగిపోయిందంట సార్" అనే తీర్పు కూడా దానితోనే వస్తుంది. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. మొదటి సంగతి, ఎక్స్‌రేలో ఆ గుజ్జు, అంటే ఎముకల చివర ఉండే మృదులాస్థి పొర, కనబడదు. రెండు ఎముకల మధ్య ఖాళీ తగ్గిందా లేదా అన్నదే కనబడుతుంది. రెండోది, ఆ పొరలో నరాలే లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, కీలు లోపలి పొరలో, చుట్టూ ఉన్న కండరాల్లో, వాటి అతుకుల్లో. ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా పట్టణంలో 50 ఏళ్ళు దాటి, ఎక్స్‌రేలో అరుగుదల జాడ లేని 710 మందికి ఎంఆర్‌ఐ తీశారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల్లో 89 శాతం మంది మోకాళ్ళలో ఏదో ఒక తేడా ఉంది. నొప్పి ఉన్నవాళ్ళలోనూ లేనివాళ్ళలోనూ ఆ పాళ్ళు దాదాపు సమానం! బొమ్మలో తేడా కనబడిందంటే నొప్పికి కారణం దొరికిపోయిందని కాదన్నమాట. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో, 45 దాటిన మనిషికి పనితో ముడిపడిన కీలు నొప్పి ఉండి, పొద్దుటి బిగుతు అరగంట మించకపోతే ఎక్స్‌రే లేకుండానే అరుగుదల అని తేల్చవచ్చని చెప్పింది. దెబ్బ తగిలినప్పుడో, ఆపరేషన్ ఆలోచించినప్పుడో ఎక్స్‌రే కావాల్సిందే. నా బాధ "అరిగిపోయింది" అనే మాట చేసే చేటు గురించి. అరిగిపోయిందని విన్న మనిషి ఇక కదిలితే ఇంకా అరుగుతుందని మంచం పడతాడు. కదలని కాలి తొడ కండరం కొన్ని వారాల్లోనే సన్నబడుతుంది. అప్పటిదాకా కండరం పంచుకున్న బరువు కూడా కీలు మీదే పడుతుంది.

కాబట్టి బొమ్మ పక్కన పెట్టి మనిషిని కదిలించి చూడాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతారు. ఒంటికాలి మీద నిలబడమంటారు. నిలబడిన వైపు పిర్ర కండరానికి సత్తువ లేకపోతే రెండో వైపు నడుము కింది ఎముక దిగజారుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వర్ణించిన గుర్తు ఇది, పైసా ఖర్చులేని పరీక్ష. తర్వాత చిన్న మెట్టు మీంచి మెల్లగా దిగమంటారు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోందంటే మోకాలిని నిందించే ముందు పైన పిర్రను, కింద పాదాన్ని చూడాలి. మెట్టునే ఎందుకు ఎంచుకుంటారంటే, బెర్లిన్ పరిశోధకులు కృత్రిమ మోకాలి కీళ్ళలో కొలిచే పరికరాలు అమర్చి చూసినప్పుడు చదును నేల మీది నడకలో కీలు మీద పడేది ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లని, మెట్లు దిగేటప్పుడు సుమారు మూడున్నర రెట్లని తేలింది. 60 కిలోల మనిషి ఆదోని రణమండల కొండ మీద ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని దిగి వస్తుంటే, అడుగడుగుకూ ఆ మోకాలు రెండు వందల కిలోలు మోస్తోంది.

ఎప్పుడో చీలమండ మడతపడి, కట్టు కట్టుకుని ఆ సంగతే మరిచిపోయిన హమాలీ ఒకడు మోకాలు నొప్పితో వచ్చాడనుకుందాం. గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించమంటే దెబ్బ తిన్న కాలు రెండో కాలి కన్నా నాలుగు వేళ్ళ దూరం వెనకబడుతుంది. మూట ఎత్తడానికి కూర్చున్నప్పుడు ఆ మడమ ముందే లేచిపోతుంది, ఒళ్ళు ముందుకు తూలుతుంది, భారం మోకాలి చిప్ప మీదికి పోతుంది. వైద్యం చీలమండకు చేయాలి. మూట బరువు సంగతి వేరే ఉంది. ఒక మగమనిషి మోసేది 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది.

గొంతుక్కూర్చునే పని గురించి మనకు బాగా పనికొచ్చే అధ్యయనం బీజింగ్‌లో జరిగింది. అరవై దాటిన వాళ్ళను, పాతికేళ్ళ వయసులో రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవారని అడిగారు. గంటల తరబడి కూర్చున్నవారిలో మోకాలి అరుగుదల ఎక్కువగా కనబడింది. అలాగని ఆ కూర్చోవడమే శత్రువని నేను అనుకోను. తుంటినీ మోకాలినీ చీలమండనూ చివరంటా వంచే అలవాటు ఉండటం మంచిదే. లేవకుండా, మార్చకుండా అదే భంగిమలో పొద్దంతా ఉండటమే తంటా. కూలీ లెక్క కోసిన కాయల మీద కట్టే చోట లేచి నిలబడటం కూడా కూలీకి నష్టమే కదా.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఎమ్మిగనూరు మగ్గం. గుంత మగ్గం ముందు నేతగాడు నేల మట్టానికి కూర్చుని, కాళ్ళు గుంతలోకి వదిలి, కింద ఉన్న చెక్కలను మార్చి మార్చి తొక్కుతాడు. మోకాలి మీద పెద్ద బరువేమీ లేదు. అయినా మోకాళ్ళు నొస్తాయి. తుంటి గంటల తరబడి వంగే ఉంటుంది, ఒక్కసారైనా వెనక్కి చాచుకోదు. పిర్ర కండరాలకు పనే ఉండదు. గుంతలోంచి పైకి లేచేటప్పుడు మాత్రం చేతులు నేలకు ఆనించి, ఒక మోకాలిని పక్కకు తిప్పి, ఒంటి బరువంతా దాని మీద పెట్టి లేవాలి. రోజుకు ఎన్నోసార్లు, ఎప్పుడూ అదే కాలితో. థెరపిస్టు అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఒక మోకాలిని ఛాతీకి హత్తుకోమంటాడు. రెండో తొడ బల్ల మీంచి లేస్తే తుంటి ముందు కండరాలు బిగిశాయని అర్థం. లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ పేరుతో పందొమ్మిదో శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న పరీక్ష ఇది. అలా బిగిసిన మనిషి నడకలో కాలు వెనక్కి పూర్తిగా పోదు, నడుము లోపలికి వంగుతుంది, మోకాలు కాస్త వంగే ఉండి రోజంతా తొడ కండరాన్ని లాగుతుంది. మోకాలికి నూనె మర్దనా చేసుకుంటూ ఎన్నాళ్ళు కూర్చున్నా ఇది బయటపడదు. క్లినిక్కుకు వచ్చిన కాలును మాత్రమే చూసే థెరపిస్టుకు సగమే కనబడుతుందని నా అభిప్రాయం. మగ్గం దాకా వెళ్ళలేకపోతే, గుంతలోంచి లేచేటప్పుడు మనవడి చేత ఫోన్లో వీడియో తీయించి తెమ్మనాలి.

చికిత్స చూసి చాలామంది నిరాశపడతారు. కరెంటు పెడతారని ఎదురుచూసి వస్తే, లేవమని కూర్చోమని చెబుతారు. కరెంటు యంత్రాలు, అల్ట్రాసౌండ్ వంటివి కీళ్ళ అరుగుదలకు ఇవ్వవద్దని ఆ 2022 మార్గదర్శకాలే చెబుతున్నాయి. మేలు చేస్తాయనడానికి తగిన ఆధారం లేదు. వేడి కాపడం కాసేపు ఊరటనిస్తుంది, తప్పులేదు. పని చేసేది మాత్రం కొలత ప్రకారం పెంచుకుంటూ పోయే బరువు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. తడి దూదిని నొక్కి వదిలితే నీరు పోయి మళ్ళీ చేరినట్టు, కీలు మీద భారం పడి తొలగినప్పుడల్లా దానికి పోషకద్రవం అందుతుంది. వాడని కీలుకు ఆ పోషణ తక్కువ. అందుకే కుర్చీలోంచి లేవడం, మడమలెత్తడం, పక్కకు పడుకుని కాలెత్తడం, మెట్టు దిగడం వంటివి వారానికి రెండు మూడు రోజులు, ఆరు నుంచి పన్నెండు వారాలు. చేసేటప్పుడు కొంత నొప్పి ఉండొచ్చు. మర్నాటికి అది మొదటి స్థితికి వస్తే సరే, రాకపోతే మోతాదు తగ్గించాలి. కుర్చీ లేని ఇంట్లో అరుగు ఉంటుంది, సుగ్గి పోయిన చోట ధాన్యం బస్తా ఉంటుంది.

ఇలాంటి చికిత్స బలం ఎంతో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మంది మీద జరిపిన ప్రయోగం చూపింది. మోకాలి అరుగుదల ఉన్నవారిలో సగం మందికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు, సగం మందికి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పినీ ఇబ్బందినీ కొలిచే మార్కుల్లో ఫిజియోథెరపీ వాళ్ళకు 37, ఇంజక్షన్ వాళ్ళకు 55.8, ఎక్కువ మార్కులంటే ఎక్కువ బాధ. 2020లో ఈ ఫలితం వచ్చింది.

ఒళ్ళు మార్చుకోవడం ఒక వైపైతే పనిముట్టు మార్చడం మరో వైపు. తల్లి లక్ష్మి ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ, పడే చేతుల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం తయారుచేసిన ఆసు యంత్రానికి గాను ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. గుంత అంచున ఎత్తుపీట, లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక కొయ్య, గంటకోసారి లేచి కాలు వెనక్కి చాచడం వంటి వాటికి అంత తెలివితేటలు కూడా అక్కర్లేదు.

అన్ని నొప్పులూ వ్యాయామానికి లొంగవు. కీలు ఎర్రగా వేడెక్కి జ్వరం ఉన్నా, దెబ్బ తగిలాక కాలు మోపలేకపోయినా, రాత్రిళ్ళు కదలకుండా పడుకున్నా నొప్పి తగ్గకపోయినా, ఒక పిక్క ఉన్నట్టుండి వాచినా నేరుగా ఆసుపత్రికి పోవాలి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లో వైద్యలోకం దృష్టికి వచ్చిన, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌లో వెన్నూ కీళ్ళూ బిగుసుకుపోతాయి. అక్కడ మార్చాల్సింది తాగే నీరు. ఎవరి దగ్గరికి పోవాలన్నది కూడా ముఖ్యమే. ఫిజియోథెరపీకి నాలుగేళ్ళ పైచిలుకు డిగ్రీ ఉంది, 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఆ వృత్తిని తన పరిధిలోకి తీసుకుంది. కట్లు కట్టే ప్రతివారూ ఆ లెక్కలోకి రారు.

ఇవన్నీ చేసినా నొప్పి నిద్ర పట్టనివ్వని దశలో మోకాలి మార్పిడి ఉంది, చాలామందికి అది మంచి ఆపరేషనే. అయితే ఆ తర్వాత గొంతుక్కూర్చోవద్దని, నేల మీద కూర్చుని లేవడం మానుకోమని సర్జన్లు సాధారణంగా చెబుతారు. గుమాస్తాకు అది పెద్ద షరతు కాదు. గుంత మగ్గం మీద బతికే మనిషి మాత్రం ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే సర్జన్‌ను, థెరపిస్టును ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి: మళ్ళీ గుంతలోకి దిగొచ్చా, దిగితే ఎలా లేవాలి, కుదరకపోతే గుంత అక్కర్లేని చట్రం మగ్గానికి మారడానికి ఎంతవుతుంది అని.