సోంపు పళ్లెంలో చిల్లర

భోజనం బాగానే సాగుతుంది. పప్పు కుదిరిందనీ, గోంగూరలో కారం కాస్త ఎక్కువైందనీ కబుర్లు నడుస్తాయి. అంతలో సర్వరు బిల్లూ, సోంపూ తెచ్చి బల్లమీద పెడతాడు. అంతే! అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నవ్విన నలుగురూ నాలుగు దిక్కులు చూడడం మొదలుపెడతారు. బిల్లు ఎవరివ్వాలన్నది ఎలాగో తేలుతుంది. "నేనిస్తా"నంటే "నేనిస్తా"నని చేతులు పట్టుకుని పెనుగులాడేవారికి మనలో కొదవ లేదు. తేలనిది ఆ తరువాతి చిక్కు: టిప్పు ఎంత?

ఈ ప్రశ్న వేసుకోవడంలో తప్పు లేదు. తప్పల్లా ఎక్కడ వేసుకుంటున్నామన్న దాంట్లోనే వున్నది.

ఆమధ్య మేము నలుగురు మిత్రులం హైదరాబాదులో ఒక హోటలుకు వెళ్లాము. బిల్లు పద్నాలుగువందల చిల్లర అయింది. నేను వంద రూపాయల నోటు పళ్లెంలో వుంచాను. మా మిత్రుడొకాయన, మంచివాడే, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ధారాళంగా ఖర్చుపెట్టే మనిషి, ఆ నోటు తీసి నా జేబులో కుక్కి, "వందెందుకండీ! ఇరవై చాలు. మీలాంటివారే వీళ్లకు అలవాటు చేస్తున్నారు" అన్నాడు. ఇంకొకాయన "పోనీ, యాభై ఇయ్యండి" అన్నాడు. మూడో ఆయన, సాంబారు ఆలస్యంగా తెచ్చాడు గనుక పది రూపాయలకు మించకూడదని తీర్పు చెప్పాడు. (సాంబారు ఆలస్యమైతే ఆ తప్పు వంటవాడిది కావచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు.) ఈ బేరం జరుగుతున్నంతసేపూ ఆ కుర్రవాడు పక్కబల్ల దగ్గర గ్లాసుల్లో నీళ్లు పోస్తూనే వున్నాడు. ఒక గ్లాసు నిండి పొర్లింది. అతను తల ఎత్తలేదు. చివరికి ఎంత ఇచ్చామో నాకు జ్ఞాపకం లేదు గాని, ఆ గ్లాసు మాత్రం జ్ఞాపకం వున్నది.

భోజనానికి పిలిచినవారే టిప్పు సంగతి చూసుకోవాలి. అతిథి పళ్లెంలోకి తొంగి చూడరాదు. తక్కువ వుంచారని మీకు తోస్తే, కళ్లజోడు మరిచిపోయానని వెనక్కు వెళ్లి మీ చేతిది కలిపి రండి. పిలిచిన వారి పరువూ దక్కుతుంది. అందరూ తలా కాస్త వేసుకునేటట్లయితే ఆ మాట హోటలు మెట్లెక్కక ముందే అనుకోవడం మేలు. నలుగురిలో జీతం తక్కువైనవాడు ఒకడు వుండనే వుంటాడు. అతను ఇడ్లీతో సరిపెట్టుకుంటే, బిర్యానీ తిన్నవారు "టిప్పు తలా యాభై" అని ప్రకటించడం ఏం న్యాయం? నలుగురిలో కాదనలేక అతను జేబు తడుముకుంటాడు.

బిల్లు చదవడం మాత్రం నామోషీ కాదు. మామూలు హోటళ్లలో కలిసే 5 శాతం జి.ఎస్.టి. ప్రభుత్వానికి పోయేది, అందులో సర్వరుకు దమ్మిడీ దక్కదు. సర్వీసు ఛార్జీ వేరు. దాన్ని తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. కనుక తీసివేయమని అడగవచ్చు. అడిగేది మేనేజరును, అదీ మెల్లగా. బిల్లు తెచ్చిన కుర్రవాడిమీద కేకలు వేసి ప్రయోజనమేమిటి?

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులది మరో అవస్థ. అక్కడ నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. అబ్బాయి కాగితంమీద అంకె వేయగానే తండ్రి మనస్సులో రూపాయల్లోకి గుణించుకుని "అంతా!" అని గుండెమీద చెయ్యి వేసుకుంటాడు. టిప్పులు వచ్చే పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలునన్న కేంద్ర నిబంధన 1991 నుంచి మారలేదని ఆయనకు తెలియదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తాయి గాని, అన్నీ కాదు. అంటే అక్కడ టిప్పు బహుమానం కాదు, జీతంలో భాగం. తెలుగులో అన్నాము గదా, ఆ పిల్లకేం తెలుస్తుందనుకోవడం పొరపాటు. మాట తెలియకపోయినా మొహం తెలుస్తుంది. అదే జపానులో అయితే టిప్పు ఇచ్చే ఆచారమే లేదు; బల్లమీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని వెంట పరుగెత్తుకు వచ్చి ఇచ్చినా ఇస్తారు.

మన హోటళ్లలో గడుసు సర్వర్లు మిగిలిన వందకు పది నోట్లు పదులు తెచ్చేవారు, వుంచడానికి మనకు సుళువుగా వుంటుందని. ఇప్పుడు అందరూ ఫోను చూపి డబ్బు కట్టేస్తున్నారు. పైసాతో సహా సరిపోతుంది, పళ్లెంలో సోంపు తప్ప మరేమీ మిగలదు. మా సాంబారు మిత్రుడికి ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని ముందు నడుస్తాడు. నేను చేతులు కడుక్కోవాలని చెప్పి వెనక ఆగిపోతుంటాను.