శ్రీశైలం ఆలయం: కట్టడంలోని కాలాలు

పాత గుడిని చూడగానే మనకు వచ్చే మొదటి ప్రశ్న "దీన్ని ఎవరు కట్టించారు?" అన్నది. శ్రీశైలం విషయంలో ఈ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పలేం. పాత కర్నూలు జిల్లాలో, నల్లమల అడవి నడుమ, సుమారు 1500 అడుగుల ఎత్తున ఉన్న మల్లికార్జునాలయం అనేక తరాల చేతుల్లో పెరిగింది. ఏ భాగం ఎందుకు చేరిందో విడదీసి చూడడం ఈ పాఠంలో మీరు చేయవలసిన పని.

ముందుగా దారి చూడండి. మెట్లను కట్టడంగా లెక్కించే అలవాటు మనకు లేదు. కాని కొండమీద మండపం నిలవాలంటే ముందు మనిషి అక్కడికి చేరాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగే కాలిబాటలో శివరాత్రికి ఇప్పటికీ భక్తులు నడిచి వస్తారు. కొండ మీదినుంచి కృష్ణానదికి, అంటే పాతాళగంగకు దిగే మెట్లు విజయనగర రాజు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ కట్టించినవి.

ఇక లోపలికి రండి. గర్భగుడి చిన్నది. దాని పైకప్పు మెట్లు మెట్లుగా లేచిన సాదా శిఖరం. దాని ముందున్న ముఖమండపం మాత్రం విశాలమైనది, స్తంభాలతో నిండినది. ఇది 1404 ప్రాంతంలో హరిహరరాయల పేరుతో చేరింది. ఈ తేడాకు కారణం శైలి మారడం ఒక్కటే కాదు. ఇక్కడ భక్తులు లింగాన్ని తమ చేతులతో తాకి మొక్కుకునే ఆచారం ఉంది. చిన్న వాకిలి గుండా కొద్దికొద్దిమందిగానే లోపలికి పోగలరు. మిగిలిన జనం నిలబడడానికి నీడ కావాలి. పండుగ రద్దీలో ఒకసారి వరుసలో నిలబడినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆవరణలోని వీరశిరోమండపాన్ని శక సంవత్సరం 1299లో, అంటే 1377-78లో, అనవేమారెడ్డి కట్టించాడు. వీరభక్తులు ఆవేశంతో తమ తలలు, నాలుకలు కోసుకుని శివుడికి అర్పించిన చోటు ఇదని శాసనం చెబుతుంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఆ సంగతి తెలుసుకోవాలి. మండపంలో ఏం జరిగేదో తెలియకుండా స్తంభాలు లెక్కపెట్టి వస్తే దాన్ని చూసినట్టు కాదు.

ఎక్కువ సేపు ఆగవలసింది ప్రాకారం దగ్గర. సుమారు 20 అడుగుల ఎత్తు, 2121 అడుగుల పొడవు గల ఈ గోడలో దాదాపు 3200 రాళ్లున్నాయని లెక్క. ఒక్కొక్కటి టన్నుకు పైగా బరువు. అంత రాతిని అడవిలో నిలబెట్టడానికి రక్షణ ఒక కారణం అనుకోవచ్చు. అయితే రక్షణకు బొమ్మలతో పనిలేదు. విజయనగర కాలపు శిల్పులు ఈ రాళ్ల బయటి ముఖాన వరుసలు వరుసలుగా బొమ్మలు చెక్కారు. ఏనుగులు, గుర్రాలు, వేట, మల్లయుద్ధం, ఊరేగింపులు కనిపిస్తాయి. లింగం మీద పాలు కురిపించే ఆవు, కిరాతుడితో పోరాడే అర్జునుడు, మహిషాసురమర్దిని, రకరకాల భంగిమల్లో సిద్ధులు, యోగులు కూడా ఉన్నారు. బొమ్మలు బయటి వైపు ఉండడం గమనించండి. గోడ చుట్టూ తిరిగినవాడు గుడిలోకి వెళ్లకముందే శివకథలు చూస్తాడు. అక్షరం రానివాడికి కూడా అవి అందుతాయి. పురాణాల పక్కనే వేటగాడికీ, మల్లుడికీ చోటు దొరకడం నాకు ఈ గోడలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

మీరు శ్రీశైలం వెళ్లినప్పుడు దర్శనం తరువాత ఈ గోడ చుట్టూ ఒకసారి నడవండి. ఉదయపు ఏటవాలు వెలుగు తూర్పు గోడ మీద పడే వేళ చెక్కడం గీతలు బాగా తేలుతాయి. ఒక పది రాళ్లు ఎంచుకుని, ఏ బొమ్మ పక్కన ఏది ఉందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.