మూడు రోజుల్లో పన్నెండు పాటలు

2015 డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ బ్యాండు లండన్ స్టూడియోలో కూర్చున్నది కొత్త పాటల కోసం. అవి కుదరలేదు. చెయ్యి సాగాలని పాత పాటొకటి ఎత్తుకున్నారు. లిటిల్ వాల్టర్ పాడిన 'బ్లూ అండ్ లోన్‌సమ్' అది. బాగా వచ్చింది. ఇంకోటి ఎత్తుకున్నారు. మూడు రోజుల్లో పన్నెండయ్యాయి. ఒక్కటీ సొంతది కాదు, అన్నీ బ్లూస్. ఏడాదికి అదే పేరుతో ఆల్బమ్ వచ్చింది, 2018లో గ్రామీ గెలిచింది.

నేను పాశమైలారం పారిశ్రామికవాడలో ఫిట్టర్‌ని. మాది నారాయణఖేడ్ వైపు ఊరు, చిరుతల భజన ఆడుతూ పెరిగాను. ఈ ఆల్బమ్ నాకింత దగ్గర కావడానికి కారణం అందులోని బ్లూస్ పుట్టిన చోటు.

బ్లూస్ అమెరికాలో మిసిసిపీ పత్తి చేల నల్లజాతి కూలీల పాట. ఒక వరుస పాడి, అదే మళ్లీ పాడి, మూడో వరుసతో జవాబు చెబుతారు. మధ్యలో గిటారు పలుకుతుంది, మా భజనలో గురువు ఎత్తుకుంటే మేళం అందుకున్నట్టు. మడ్డీ వాటర్స్ అక్కడి పత్తి భూముల్లో ట్రాక్టరు తోలేవాడు. 1941లో అలన్ లొమాక్స్ జానపద పాటలు సేకరిస్తూ వచ్చి ఆయన పాట రికార్డు చేశాడు. 1943లో మడ్డీ షికాగోకు బతకపోయాడు. పగలు కాగితం ఫ్యాక్టరీ, లారీ పని. రాత్రి పాట. బార్ల రొదలో మామూలు గిటారు ఎవరికి వినపడుతుంది? కరెంటు గిటారు పట్టాడు. లిటిల్ వాల్టర్ మౌతార్గాన్‌కు మైకు ఆనించి, ఆంప్లిఫయర్‌లోంచి ఊదాడు. ఇస్నాపూర్ రూముల్లో బీహారు, ఒడిశా కార్మికులు షిఫ్టు దిగి వాళ్ల ఊరి పాటలు పెట్టుకుంటే నాకు ఆ షికాగో గుర్తొస్తుంది.

1961 అక్టోబరులో ఇంగ్లండులోని డార్ట్‌ఫోర్డ్ రైల్వే స్టేషన్లో, తర్వాత స్టోన్స్ గాయకుడైన మిక్ జాగర్ చంకలో ఉన్నవి మడ్డీ వాటర్స్, చక్ బెర్రీ రికార్డులు. వాటిని చూసే, తర్వాత స్టోన్స్ గిటారిస్టయిన కీత్ రిచర్డ్స్ మాట కలిపాడు. బ్యాండు పేరూ మడ్డీ 1950లో పాడిన పాటదే. 1965లో 'షిండిగ్' అనే అమెరికా టీవీ కార్యక్రమానికి పిలిస్తే, బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాల్సిందేనని పట్టుబట్టారు. ఆయన పాడుతుంటే చుట్టూ కూర్చొని విన్నారు. నల్లవాళ్ల పాటతో తెల్లవాళ్లు పేరు, డబ్బు సంపాదించారన్న మాట నిజమే, అది మరవకూడదు. కానీ తమకు పేరొచ్చిన తొలిరోజుల్లోనే గురువును ముందు నిలబెట్టారు. ఆ ఒక్క పనికి నేను వాళ్లను గౌరవిస్తాను.

ఈ ఆల్బమ్‌లో కొత్త వరుసలు వెతకొద్దు. అందరూ ఒకే గదిలో కలిసి వాయించారు, మెరుగులు పెద్దగా దిద్దలేదు. పక్క స్టూడియోలో పనిమీద ఉన్న గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వచ్చి రెండు పాటలకు గిటారు పట్టాడు. ఇరవయ్యేళ్ల వయసులో జాగర్ పెద్దవాళ్ల దుఃఖం నేర్చుకొని పాడాడు. ఇక్కడ ఆయనకు డెబ్బై రెండు. ఆ దుఃఖం గొంతులోకి దిగింది. ఆయన మౌతార్గాన్ ఇంకా గొప్పగా ఉంది.

డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021లో పోయాడు. 2023లో వచ్చిన 'హాక్నీ డైమండ్స్' ఆల్బమ్ చివర, బ్యాండుకు పేరిచ్చిన ఆ మడ్డీ పాటనే పాడారు, మిక్, కీత్ ఇద్దరే. మడ్డీ రికార్డులోనూ ఆయన గొంతు, ఆయన గిటారే. వినదలిస్తే ముందు మడ్డీది వినండి, తర్వాత వీళ్లది.